మాడువాసనపై ఉమ్మడి విచారణ

ఏ వ్యవస్థలోనూ వాసనకు అధికారిక హోదా లేదు. శబ్దానికి ఉంది, పొగకు ఉంది, మంటకైతే ఎర్ర బండీ గంటా ఇచ్చి ప్రత్యేకంగా ఒక శాఖనే ఏర్పాటు చేశారు. వాసన మాత్రం మనిషికీ ముక్కుకీ మధ్య జరిగే సొంత వ్యవహారం. దానికి ఫోటో రాదు, కొలత లేదు, సాక్షి దొరకడు. ఒకరికి వచ్చిన వాసన మరొకరికి రాకపోతే, రానివారి మాటే చెల్లుతుంది (వారి సంఖ్య ఎప్పుడూ ఎక్కువే, పైగా వారికి తీరికా ఎక్కువే). ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో కాపురముంటున్న నీలవేణికి ఈ సంగతి మొన్నటి వానలు వెనకబట్టేదాకా తెలియదు. తెలిసే వేళకు ఆమె ముద్దాయి అయి కూర్చుంది.

నీలవేణి సాలువా రోడ్డులో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతుంది. నలభై దాటాక, ఎవరూ అడక్కుండానే, డ్రైవింగు నేర్చుకుంది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక బెంగాలీ ఆఫీసరు దగ్గర వెండిరంగు చిన్న కారు ఒకటి పాతదే కొనుక్కుంది. బడికి వెళ్ళి రావడానికి అని ఇంట్లో చెప్పింది గానీ, అసలు కారణం వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ. అప్పలనర్సమ్మ ఝపటాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడకు మోకాలు మార్చే ఆపరేషను చేశారు. రోజు విడిచి రోజు రైల్వే ఆసుపత్రికి వెళ్ళి వ్యాయామం చేయించుకోకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. నీలవేణి బడి అయ్యాక తల్లిని ఎక్కించుకుని తీసుకెళ్ళేది. ఆవిడ ముందు సీట్లో బెల్టు పెట్టుకుని, దారిలో కనపడిన ప్రతివాళ్ళనూ పలకరించాలని చూసేది.

"మీ నాన్న సైకిలు ఎనక కూకోబెట్టినాడు. నువ్వు ముందు కూకోబెట్టినావు," అనేది. ఆ మాటకే నీలవేణికి పెట్రోలు పోయించుకున్నంత బలం వచ్చేది.

ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తూ ఝపటాపూర్ సందులో బండి ఆపగానే అప్పలనర్సమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏటే నీలా, ఎవులింట్లోనో పోపు మాడిపోతన్నాది."

నీలవేణి కూడా వాసన చూసింది. పోపు కాదు. ఆవాలూ లేవు, మెంతులూ లేవు. ఏదో వేడెక్కి కమురుతున్న వాసన. అది ఎవరింట్లోంచీ రావడం లేదు, తమ బండి దగ్గరే ఉంది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. ఉమాశంకర్ గూడ్సు గార్డు. (ఆ పదవికి ఇప్పుడు ట్రైన్ మేనేజరు అని పేరు మార్చారు. పేరు మారాక పనీ, రైలు చివరి డబ్బా, నిద్రలేమీ ఎక్కడివక్కడే ఉన్నాయి.) ఆయన జాగ్రత్తకు పెట్టింది పేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో యార్డులో నిలబెట్టిన వ్యాగన్లు రెండు వాటంతట అవే కదిలి వెళ్ళిపోయాయి. వాటి బ్రేకు ఎవరు బిగించారు, ఎంత బిగించారు అని నెలల తరబడి విచారణ జరిగింది. అప్పటి నుంచి ఆయన నిలబడి ఉన్న ఏ వస్తువునూ నమ్మడు. డ్యూటీ లేని రోజున గోల్‌బజార్‌కు ఆ కారులోనే వెళ్ళి కూరలు తెచ్చి, ఇంటి ముందు ఆపి, కాళ్ళు నేలకు తన్నిపట్టి రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగుతాడు. రాత్రుళ్ళు బండి ఇంటి దగ్గర ఎవరు నిలిపినా, పడుకోబోయే ముందు వెళ్ళి మరోసారి లాగి వస్తాడు.

వాసన అనగానే ఆయన బానెట్టు ఎత్తాడు. కారుకు ఏ రోగమొచ్చినా మగవాళ్ళు మొదట బానెట్టు ఎత్తడం ఆచారం. ఎత్తాక నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూడడం రెండో మెట్టు. మూడో మెట్టు లేదు.

"క్లచ్చి మీద కాలేసి తోల్తున్నావు," అన్నాడు.

"నేను వెయ్యటం లేదండి."

"ఏసినట్టు నీకు తెలీదు. ఆ కాలు సంగతే అంత."

"బండి బరువుగా కూడా ఉంటంది. ఎవరో ఎనక పట్టుకుని లాగినట్టు."

"మీ అమ్మగారు కూకుంటే బరువుండదేటి మరి," అని బానెట్టు మూసేశాడు.

ఈ మాటలు వరండాలో పడకకుర్చీలో ఉన్న గణపతిరావు చెవిన పడ్డాయి. ఉమాశంకర్ తండ్రి ఆయన. వర్క్‌షాపులో వ్యాగన్లు మరమ్మతు చేసే విభాగంలో పెద్ద మేస్త్రీగా రిటైరయ్యాడు. రిటైరయినట్టు వర్క్‌షాపుకు తెలుసు గానీ ఆయనకు ఇంకా పూర్తిగా తెలియదు. లేచి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి సుద్దముక్క తీసి వెనక అద్దం మీద 'సిక్' అని రాశాడు. రైల్వేలో జబ్బు చేసిన వ్యాగనుకు అలా రాసి, విడిగా సిక్ లైన్లో నిలబెడతారు. రాసిన తరువాత దాన్ని ఎవరూ కదపకూడదు.

"మావయ్యా, ఎల్లుండి అమ్మని ఆసుపత్రికి తీసుకెల్లాల," అంది నీలవేణి.

"సిక్ బండి లైను మీదకి ఎల్లకూడదమ్మా. జాయింట్ ఇన్‌స్పెక్షన్ అవ్వాల. కారణం తేలాల. అప్పుడు ఫిట్ ఇస్తాం," అని తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. (అక్కడి నుంచి దాన్ని కోడలు అడిగి తీసుకోవడం కుదిరే పని కాదు. ఆయన అంత ముందుచూపున్న మనిషి.)

ఆసుపత్రి రోజున తల్లిని టోటోలో తీసుకెళ్ళింది. ఆ బ్యాటరీ బండి ప్రతి గుంతనూ పేరు పెట్టి పలకరించుకుంటూ పోయింది. ఆసుపత్రి చేరేసరికి అప్పలనర్సమ్మ మోకాలు వాచింది. వ్యాయామం చేయించే అమ్మాయి బెంగాలీలో మెత్తగానే చీవాట్లు పెట్టింది. తిరిగొచ్చాక అప్పలనర్సమ్మ మంచం మీద వాలి, గోడకేసి చూస్తూ అంది.

"ఇంక నాను రానులే నీలా. బడి సేసుకుని, నన్ను మోసుకుని, నువ్వేటి పడతావు. వొంగకపోతే వొంగకపోనీ. నానేటి డేన్సులాడాలా."

 తల్లి అంత తేలిగ్గా ఒక కాలును వదిలేసుకోవడం నీలవేణి ఎప్పుడూ చూడలేదు. చెప్పు తెగితేనే మూడుసార్లు కుట్టించుకునే మనిషి ఆవిడ.

ఆదివారం ఉమ్మడి తనిఖీ జరిగింది. గణపతిరావు అధ్యక్షుడు, మెకానికల్ విభాగం తరఫున. ఎలక్ట్రికల్ తరఫున పక్క వీధి సోమేశ్వరరావు. ఆయన రిటైరై చాలా ఏళ్ళయినా టెస్టరు చొక్కా జేబులోనే ఉంటుంది. పట్టాల విభాగం తరఫున విల్‌ఫ్రెడ్. తెల్లటి టోపీ పెట్టుకుని, పాత ఇన్‌స్పెక్టరు నడకతో వచ్చాడు. రైల్లో ఏ తేడా జరిగినా అన్ని విభాగాలూ ఒక్కచోట చేరి, ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టి, తప్పు తమది కాదని విడివిడిగా రాస్తాయి. దాన్నే జాయింట్ నోట్ అంటారు. ఆ ముగ్గురూ ఉద్యోగాలు మానినా ఆ రాత మానలేదు.

ముందుగా సోమేశ్వరరావు ముక్కు పెట్టాడు.

"కరెంటు వైరు మాడితే ఎండుసేప వాసనొస్తాది. ఇక్కడ సేప లేదు. ఎలక్ట్రికల్ క్లియర్," అన్నాడు.

"దారి చూసి వచ్చాను. గోతులు ఉన్నాయి. గోతికి వాసన ఉండదు. పట్టాలు క్లియర్," అన్నాడు విల్‌ఫ్రెడ్. (కారు పట్టాల మీద నడవదన్న విషయం ఎవరూ ప్రస్తావించలేదు. పెద్దాయన అంత దూరం నడిచి వచ్చాడు.)

గణపతిరావు బానెట్టు ఎత్తించి చాలాసేపు చూశాడు. ఇంజను మీద నూనె కారి కాలిన మరకలు లేవు. బెల్టు అరిగి రబ్బరు కంపు కొట్టడం లేదు. రేడియేటరు నీళ్ళు కారితే వచ్చే తియ్యటి వాసన లేదు. ఇంత వరకూ ఆయన చూసినవన్నీ సరిగ్గానే చూశాడు. "మెకానికల్ కూడా క్లియర్," అని మూత వేయించాడు.

"మావయ్యా, బండి సల్లారిపోయి రోజులయింది. నడిపినాకే వాసనొస్తాది. ఒక్కసారి సాలువా దాకా తిప్పి సూడండి," అంది నీలవేణి.

"సిక్ బండిని తిప్పకూడదమ్మా."

"తిప్పకపోతే వాసనెలగొస్తాది?"

"అదే మేమూ రాసుకుంటన్నాం. వాసన రాలేదని," అన్నాడు సోమేశ్వరరావు ఓపిగ్గా.

ఈ సంభాషణ జరుగుతుండగా వంటింట్లో పొయ్యి మీద పెట్టి వచ్చిన పకోడీలు మాడాయి. ముగ్గురూ ఒకేసారి తలలెత్తారు. విచారణ మొత్తంలో తొలిసారిగా అన్ని విభాగాలకూ వాసన వచ్చింది. గణపతిరావు కళ్ళజోడు సవరించుకుని కాగితం మీద వంగాడు. మాడువాసన వంటింట్లో కూడా నమోదైనదనీ, రెండు చోట్లా బాధ్యురాలు ఒక్కరేననీ, మూడు విభాగాలూ నిర్దోషులని తేలినందున మిగిలినది నడిపే మనిషేననీ రాశారు. సంతకాలయ్యాక మాడిన పకోడీలు కూడా తిన్నారు, బాగున్నాయన్నారు.

సిక్ బండి లైను మీదకు వెళ్ళకూడదు గానీ వర్క్‌షాపుకు వెళ్ళొచ్చు. ఆ ఒక్క నియమం పట్టుకుని నీలవేణి తాళంచెవి సంపాదించింది. కారు కంపెనీ సేవాకేంద్రం ఊరికి అవతల హైవే మీద ఉంది. అక్కడికి నేరుగా వెళ్ళకూడదు, ముందు యాప్‌లో ఫిర్యాదు చేసుకోవాలి. యాప్‌లో శబ్దం, కుదుపు, ఏసీ, పాటలు అని గడులున్నాయి. వాసన లేదు. 'ఇతరములు' నొక్కితే 'పరిమళం' అని వచ్చింది. గత్యంతరం లేక అదే నొక్కింది. మీ పరిమళ అభ్యర్థన మాకు ఎంతో విలువైనదని సమాధానం వచ్చింది. మర్నాడు గుమ్మం ముందుకు చిన్న సీసా వచ్చింది. మంచిగంధం. అద్దం దగ్గర వేలాడదీసుకోవాలట. కంపెనీ ఇచ్చింది కదా అని ఉమాశంకర్ వెంటనే వేలాడదీశాడు.

సేవాకేంద్రంలో ఆమెను ఎదుర్కొన్న యువకుడి పేరు శుభంకర్ బాబు. అతని కోటు మీద 'వినియోగదారుల ఆనంద సలహాదారు' అని ఉంది. హిందీ, బెంగాలీ కలిపి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"స్మెల్ ఎప్పుడు వస్తుంది దీదీ?"

"ఇప్పుడే వస్తోంది. ఇంతసేపూ నడిపి వచ్చాను కదా. రండి, మీరే చూడండి," అని నీలవేణి అతని చెయ్యి పట్టుకు లాగినంత పని చేసింది.

"ఇప్పుడు కాదు దీదీ. వేడి బండిని ముట్టుకోకూడదు. సిబ్బంది భద్రత. బండి పూర్తిగా చల్లారాక మీ టోకెను పిలుస్తాం."

"చల్లారితే వాసన పోతుంది."

"పోతే మంచిదే కదా," అన్నాడు శుభంకర్ బాబు. అతని ముఖంలో వెటకారం ఇసుమంత కూడా లేదు. అతను నిజంగానే ఆమె మంచి కోరుతున్నాడు.

నీలవేణి ఏసీ గదిలో కూర్చుంది. గోడ మీద తెరలో కారు కొన్న కుటుంబాలు కొండల్లో నవ్వుతున్నాయి. అద్దంలోంచి తన బండి కనిపిస్తోంది. అది చల్లారుతున్నకొద్దీ తన కేసు కూడా చల్లారుతున్నట్టు అనిపించింది. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి ముక్కు పెట్టి చూసింది. మొదటిసారి ఉంది. రెండోసారి ఉన్నట్టుంది. గేటు దగ్గర కాపలా మనిషి ఆమెను వింతగా చూశాడు.

టోకెను పిలిచారు. శుభంకర్ బాబు తెల్ల చేతొడుగులు వేసుకుని, బానెట్టు ఎత్తించి, తరువాత తలుపు తీసి, కళ్ళు మూసుకుని దీర్ఘంగా గాలి పీల్చాడు.

"గంధం," అన్నాడు పరవశంగా.

వాసన సంతృప్తికరంగా ఉందని రిపోర్టు ఇచ్చారు. అయితే వినియోగదారు మాడువాసన గురించి పదేపదే మాట్లాడినందున, నడిపే తీరులో సున్నితత్వం పెంచుకునేందుకు ఫోనులో ఒక పాఠం చూడాలన్నారు. చూసేదాకా యాప్‌లో మరే గడీ తెరుచుకోదు. నీలవేణి చూసింది. క్లచ్చిని స్నేహితురాలి భుజంలా తాకాలని ఆ పాఠంలో ఒకావిడ చెప్పింది. చివర్లో సర్టిఫికెట్టు కూడా వచ్చింది.

ఇంటికి వచ్చి బండి ఆపితే గంధం మీద నుంచి మాడువాసన మళ్ళీ కొట్టింది.

"కంపెనీవాళ్ళే లేదన్నారంటే ఇంక నీ ముక్కుదే తేడా," అన్నాడు ఉమాశంకర్. అంతకుముందు దాకా తప్పు ఆమె కాలిది. ఇప్పుడు అది పైకి ఎక్కి ముక్కు దగ్గరకు వచ్చింది. తన తమ్ముడి వరస ఒకాయన ఈ బండి అడుగుతున్నాడు, ఇచ్చేద్దామా అని కూడా అన్నాడు. కోపంతో కాదు, జాగ్రత్తతోనే అన్నాడు. ఆయనకు భార్యకేమవుతుందోనని నిజంగానే భయంగా ఉంది.

ఆ వారమంతా నీలవేణి తనను తానే అనుమానించుకుంది. బడిలో బోర్డు తుడుస్తూ సుద్దపొడి వాసన చూసింది. కొంగు వాసన చూసుకుంది. భాగహారం చెబుతూ చెబుతూ ఆగి ఎడమకాలు కేసి చూసుకుంది. పదిమంది ఒకే మాట అంటే మనిషి చేయని తప్పుకు కూడా ఎప్పుడు చేశానా అని వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆమె చెప్పులు విప్పేసి, గేరు మార్చగానే ఎడమకాలు తీసి సీటు కిందికి ముడుచుకుని బడి దాకా నడిపి చూసింది. కాలు ముడుచుకునే ఉంది. వాసన వచ్చింది.

అప్పుడు ఆమెకు చాలా రోజుల తరువాత హాయిగా అనిపించింది.

సేవాకేంద్రం బాగుందన్నది కాబట్టి గణపతిరావు బండికి అప్పుడే ఫిట్ ఇచ్చేశాడు గానీ, వేగం మీద మాత్రం ఆంక్ష పెట్టాడు. సైకిలు కన్నా ముందు పోకూడదు. నీలవేణి ఝపటాపూర్ వెళ్ళి, రానంటున్న తల్లిని బతిమాలి, చీర మార్పించి, ముందు సీట్లో కూర్చోబెట్టింది. దారిలో ఒక టోటో వీళ్ళను దాటుకుంటూ పోయింది. "దీదీ, తొయ్యమంటారా?" అని అడిగాడు ఆ టోటో అతను. అప్పలనర్సమ్మ అద్దం దించి, వొద్దు నాయనా, మేం బాగానే ఎల్తున్నాం అని తెలుగులోనే జవాబు చెప్పింది.

ఆసుపత్రి దగ్గర రోడ్డు పక్క బండి ఆపింది. మెట్లు వెనక వైపున్నాయి. అప్పలనర్సమ్మ దిగి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో బండిని పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచింది. ఆ కారు చుట్టూ ఇప్పటిదాకా చాలామంది తిరిగారు. అంత నెమ్మదిగా ఎవరూ తిరగలేదు. వెనక చక్రం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది.

"నీలా, ఇక్కడ సెగొస్తన్నాదేటే. పొయ్యి పక్కన నిలబడ్డట్టుంది."

నీలవేణి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. వెనక ఎడమ చక్రం. ముట్టుకోకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టింది. సెగ చురుక్కుమంది. ముక్కు పెట్టింది. అదే వాసన, ఇన్నాళ్ళూ ఎవరికీ రాని వాసన, అక్కడ గుప్పున ఉంది. లేచి మిగతా మూడు చక్రాల దగ్గరా అలాగే కూర్చుని చెయ్యి పెట్టి చూసింది. నడిచొచ్చిన చక్రం ఎంత గోరువెచ్చగా ఉండాలో అవి అంతే ఉన్నాయి. దారిన పోతున్న ఆసుపత్రి నర్సు ఒకావిడ, ఈ టీచరమ్మ కారుకు ప్రదక్షిణ ఎందుకు చేస్తోందా అని నిలబడి చూసింది.

"అమ్మా, దొరికింది," అంది నీలవేణి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాసన ఉన్నందుకు అంత సంతోషించిన మనిషి ఆ రోడ్డులో ఇంకెవరూ ఉండి ఉండరు.

బండి పూర్తిగా చల్లారాకే, మెల్లగా తల్లిని ఇంట్లో దింపి, నిమ్‌పురాలో మెకానిక్ దావీదు షెడ్డుకు తీసుకెళ్ళింది. దావీదు ఆమె ముఖమూ బండీ ఒకేసారి చూసి, "క్లచ్చి ప్లేటు పోయుంటాది మేడం. ఆడోళ్ళ బళ్ళన్నిటికీ అదే," అని బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"బానెట్టు ముట్టుకోవద్దు. ఎనక ఎడమ చక్రం ఎత్తు. హ్యాండ్‌బ్రేకు దించే ఉంది. చెయ్యి పెట్టి తిప్పు, తిరుగుతాదో లేదో సూద్దాం," అంది నీలవేణి, బోర్డు మీదికి పిలిచిన పిల్లవాడితో చెప్పినట్టు.

జాకీ పెట్టి ఎత్తాడు. చక్రం తిరగలేదు. రెండు చేతులతో తిప్పితే గరగరమని మూలిగి కొద్దిగా కదిలింది. డ్రమ్ము విప్పితే లోపల బ్రేకు షూలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. హ్యాండ్‌బ్రేకు కేబులు లాగీ లాగీ తీగ పోగులు విడిపోయి, తొడుగు లోపల తుప్పుతో పట్టేసింది. పైన లీవరు దిగినా కింద తీగ వెనక్కి రావడం లేదు. అంటే నెల రోజులుగా ఆమె బ్రేకు వేసి ఉన్న బండినే బడికీ ఆసుపత్రికీ నడుపుతోంది.

దావీదు కేబులు పట్టుకుని వెలుతురులోకి ఎత్తాడు.

"ఎవులండీ దీన్ని లాగినోలు? దీనికి ఏనుగుని గాని కట్టినారేటి?"

 నీలవేణి కొత్త కేబులు, కొత్త షూలు వేయించి, చక్రం వేలితో తోస్తే తిరుగుతోందని చూసుకుని, ఇంటికి బయల్దేరింది. బండి తేలిపోయింది. నిమ్‌పురా రోడ్డులో ఆమె సైకిళ్ళన్నిటినీ దాటింది. ఆంక్ష గుర్తుకు వచ్చింది గానీ కాలు తీయాలనిపించలేదు.

ఉమాశంకర్ డ్యూటీకి బయల్దేరబోతూ బూట్లు కట్టుకుంటున్నాడు.

"దొరికిందండి," అంది.

"ఏటి?"

"వాసన. ఎనక చక్రంలో హ్యాండ్‌బ్రేకు పట్టేసింది. లాగీ లాగీ కేబులు పోయింది."

ఆయన బూటు తాడు చేతిలోనే ఆగిపోయింది. 

"హ్యాండ్‌బ్రేకు నానే కదా లాగుతాను," అన్నాడు.

"అవునండి."

"బండి కదిలిపోద్దని..."

"కదల్లేదండి. నేను తోల్తున్నప్పుడు కూడా కదల్లేదు."

ఆయన లేచి కారు దగ్గరకు వెళ్ళాడు. లోపల కూర్చుని, లీవరును రెండు వేళ్ళతో, పసిపాప చెయ్యి పట్టుకున్నట్టు, మెల్లగా పైకెత్తాడు. దిగి నాలుగడుగులు దూరంగా నిలబడి అది కదులుతుందేమోనని చూశాడు. కదల్లేదు. అయినా మనసొప్పక చక్రం కింద ఒక ఇటుక పెట్టాడు. వెనక అద్దం మీద మిగిలిపోయిన సుద్దమరక జేబురుమాలుతో తుడిచాడు.

"ఇంతమందిమి ఉండి నిన్నే అన్నాం," అన్నాడు ఆమె కేసి చూడకుండా. "మీ అమ్మగారిని ఎల్లుండి నాను దింపి రానా?"

"వొద్దు. నేనే తీసుకెల్తాను," అంది నీలవేణి.  ఆయన అన్న ఆ ఒక్క మాట ఆమెకు చాలనిపించింది. తమ్ముడి వరస ఆయనకు బండి ఇచ్చే ఊసు ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

అప్పలనర్సమ్మ మోకాలు మెల్లగా మాట వినడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి మంచం అంచున కూర్చుని కాలు మడిచి చూపించింది. వ్యాయామం చేయించే అమ్మాయి చప్పట్లు కొట్టింది. తిరుగు ప్రయాణంలో ఆవిడ అద్దం దించుకుని గాలి పీల్చి, ఇప్పుడేటీ వాసన రావట్లేదే, బోసిగా ఉంది అంది.

సేవాకేంద్రం నుంచి సందేశం వచ్చింది. మీ పరిమళం విషయంలో మీరు సంతృప్తి చెందినట్టు మేము గుర్తించామనీ, ఫిర్యాదు మూసివేశామనీ, మా సేవకు నక్షత్రాలు ఇవ్వమనీ కోరారు. నక్షత్రాలు ఇచ్చేదాకా తెర కదలలేదు. ఇచ్చింది.

ఇక మిగిలింది ఉమ్మడి విచారణ. కొత్త సంగతులు తెలిశాయి కాబట్టి తుది నివేదిక రాయక తప్పదని గణపతిరావు అన్నాడు. ఆదివారం సోమేశ్వరరావు, విల్‌ఫ్రెడ్ మళ్ళీ వచ్చారు. నీలవేణి ఈసారి పకోడీలు మాడకుండా వేయించింది. మూడు విభాగాలూ చాలాసేపు తర్జనభర్జన పడ్డాయి. బ్రేకు తక్కువ వేసినందుకు శిక్షించడానికి నియమాలున్నాయి గానీ ఎక్కువ వేసినందుకు శిక్షించిన దాఖలా రైల్వేలో ఎక్కడా లేదని సోమేశ్వరరావు గుర్తుచేశాడు. విల్‌ఫ్రెడ్ అవునన్నాడు. గణపతిరావు రాసి, కోడలికి కూడా వినపడేలా పైకి చదివాడు. భద్రత విషయంలో అవసరానికి మించిన శ్రద్ధ కనబరచిన ఉమాశంకర్‌ను ఈ సంఘం అభినందిస్తున్నది. ఇంత చిన్న లోపాన్ని కనిపెట్టడంలో నెల రోజులు జాప్యం చేసిన నీలవేణిని, మొదటి తప్పు అయినందున, హెచ్చరించి వదిలివేయడమైనది.